ఒకే కాలువ మీది రొయ్యల రైతులు సంఘం పెట్టుకోవడం ఎలా

మీ చెరువు మీద మీరు ఎంత ఖర్చు పెట్టినా, పక్క చెరువులో ఏం జరుగుతోందో తెలియకపోతే సగం పంటను దేవుడి మీద వదిలేసినట్టే. ఎగువ చెరువులో వైట్‌స్పాట్ (రొయ్యల్ని చంపే వైరస్ జబ్బు) వచ్చి ఆ రైతు రాత్రికి రాత్రి తూము ఎత్తేశాడనుకోండి, తెల్లారి మీరు మోటారు వేసి తోడుకునేది ఆ నీళ్లే. అందుకే నా లెక్కలో రొయ్యల రైతుల సంఘం అంటే ముందు కాలువ సంఘం. రేటు కోసం ధర్నా, కరెంటు కోసం వినతిపత్రం తర్వాతి సంగతులు. మన దగ్గర చాలా సంఘాలు ఆ చివరి నుంచి మొదలవుతాయి. ఫ్లెక్సీ కడతారు, కలెక్టరుగారికి కాగితం ఇస్తారు, ఫొటో దిగుతారు. పంట దిగాక అధ్యక్షుడి ఫోను స్విచాఫ్.

కాలువ సంఘం మన జిల్లాలకు కొత్తేమీ కాదు. 1994-95లో వైట్‌స్పాట్ వచ్చి టైగర్ రొయ్యను తుడిచిపెట్టాక, చిన్న రైతు ఒంటరిగా నిలబడలేడని తేలిపోయింది. ఆ తర్వాత ఎంపెడా (కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ), బ్యాంకాక్ కేంద్రంగా పనిచేసే నాకా అనే ఆసియా-పసిఫిక్ సంస్థ కలిసి 2000 తర్వాతి ఏళ్లలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో కొద్దిమంది రైతులతో గుంపు సాగు మొదలుపెట్టాయి. వాటికి ఆక్వా క్లబ్బులని పేరు. ఒకే కాలువ నీళ్లు వాడేవాళ్లంతా ఒకేసారి చెరువులు ఎండగట్టడం, ఒకేసారి సీడ్ (రొయ్య పిల్లలు) పోయడం, జబ్బు వస్తే దాచకుండా చెప్పుకోవడం దాని సారం. ఆ అనుభవంతోనే 2007లో కాకినాడ కేంద్రంగా నాక్సా అనే, చిన్న రైతుల గుంపులకు తోడ్పడే సంస్థ పుట్టింది. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక రొయ్య మారింది, జబ్బుల పేర్లు పెరిగాయి. కాలువ మాత్రం అదే.

కాలువ వెంట నడవండి

పేరు, లెటర్‌హెడ్ పక్కన పెట్టి, ముందు ఇద్దరు ముగ్గురు కలిసి కాలువ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. నీళ్లు పాటు మీదున్నప్పుడు వెళ్లాలి. పోటు మీద వెళ్తే ఏమీ కనపడదు. నీళ్లు దిగినప్పుడే ఏ తూము ఎక్కడుందో, ఏ పైపు గట్టు కింద నుంచి గుట్టుచప్పుడు కాకుండా బయటికొస్తోందో తెలుస్తుంది.

ప్రతి చెరువుకీ నోటుపుస్తకంలో ఇవి రాసుకోండి: సర్వే నంబరు, విస్తీర్ణం, సొంతమా లీజా, నీళ్లు ఎక్కడ తోడతారు, ఎక్కడ వదులుతారు, పోయిన పంటకి సీడ్ ఎప్పుడు పోశారు, ఏ జబ్బు వచ్చింది, ఎన్నో రోజున పట్టారు. చివరి రెండింటికీ నిజం రాబట్టడం కష్టం. "మీకేం వచ్చింది" అని అడిగితే "ఏం లేదండీ, బాగానే తీశాం" అంటారు. "మాకు పోయినసారి యాభయ్యో రోజున వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) వచ్చిందండీ, మీవైపు ఎలా ఉంది" అని అడిగి చూడండి. అప్పుడు మాట కలుస్తుంది.

ఇంటికొచ్చి పెద్ద చార్టు మీద కాలువ గీసి, తోడే చోట నీలం చుక్క, వదిలే చోట ఎర్ర చుక్క పెట్టండి. ఎర్ర చుక్కకి దిగువనే నీలం చుక్క పడిన చోట్లు లెక్కపెట్టండి. చాలా కాలువల్లో తోడేదీ వదిలేదీ ఒకే నీళ్లు కాబట్టి ఇలాంటి జతలు పుష్కలంగా దొరుకుతాయి. సంఘంలో ఎవరుండాలో ఆ చార్టే చెబుతుంది. ఎగువన ఉన్న ఆరు చెరువులు పక్క ఊరివైతే పక్క ఊరివాళ్లే మీ సంఘంలో ఉండాలి. మీ ఊరివాడే అయినా వేరే కాలువ మీదున్నాయన తర్వాత చేరినా నష్టం లేదు. కులం, పార్టీ చూసి కట్టిన సంఘం ఎన్నికలప్పుడు పనికొస్తుందేమో గానీ, నీళ్లకి అవి తెలియవు.

ఎవరిని కలుపుకోవాలి, ఎవరికి పదవి ఇవ్వకూడదు

మొదట్లో ఇరవై నుంచి నలభై మంది చాలు. అంతకు మించితే మీటింగు సభ అయిపోతుంది. పొలం ఎవరి పేరున ఉన్నా, చెరువులో మేత వేసేవాడు సభ్యుడిగా ఉండాలి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో చాలా చెరువులు లీజు మీదే నడుస్తాయి. హైదరాబాదులో కూర్చున్న యజమాని సంతకం పెడితే తూము దగ్గర జరిగేది మారదు. లీజుదారుకి ఓటు ఇవ్వండి. లీజు మారితే కొత్తాయన అదే నియమాలకు కట్టుబడాలని యజమాని దగ్గర ఒక కాగితం రాయించుకోండి.

ఫీడ్ డీలరు, సీడ్ ఏజెంటు, రొయ్యలు కొనే కంపెనీ మనిషి మంచివాళ్లే కావచ్చు, మీ బంధువులే కావచ్చు. మీటింగుకి పిలవండి, టీ ఇవ్వండి, పదవి మాత్రం ఇవ్వకండి. సంఘం రేపు ఏ సీడ్ కొనాలో, ఎవరికి అమ్మాలో తేల్చేటప్పుడు ఆ కుర్చీలో వాళ్లుంటే ఇద్దరికీ ఇబ్బందే. మీ సభ్యుల్లో చాలామంది డీలరు దగ్గర అప్పు మీద మేత తెచ్చి, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక తీర్చేవాళ్లే కాబట్టి మొదటి ఏడాదే "అందరం కలిసి ఫీడ్ కొందాం" అనొద్దు. అప్పున్నవాడు రాలేడు, రాలేకపోయానని చిన్నబుచ్చుకుని సంఘానికే దూరమవుతాడు.

పెద్ద రైతు సంగతి వేరు. వంద ఎకరాలాయన కాలువ మీద ఉండి సంఘంలో లేకపోతే మీ నియమాలకి విలువ లేదు. ఆయన ఇంటికి మీరే వెళ్లండి. మీ జబ్బు ఆయనకీ వస్తుందని ఆయనకు తెలుసు, చెప్పే పద్ధతిలో చెబితే చాలు.

మొదటి నియమం ఒక్కటే

మొదటి మీటింగులో పాతిక నియమాలు చదవకండి. ఒక్కటి చాలు: జబ్బు వచ్చిన చెరువు నీళ్లు కాలువలోకి పోకూడదు, జబ్బు వచ్చిందని 24 గంటల్లో సంఘానికి చెప్పాలి.

దీనికి అందరూ తలూపుతారు. అసలు పరీక్ష చెక్‌ట్రే (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగినప్పుడు వస్తుంది. ట్రేలో మేత అలాగే ఉంటుంది, గట్టు వారన రెండు మూడు రొయ్యలు నీరసంగా తిరుగుతుంటాయి, తలపెంకు ఒలిచి వెలుతురుకి పెడితే తెల్ల చుక్కలు. ఆ క్షణంలో రైతు బుర్రలో ఉండేది సంఘం కాదు, పెట్టుబడి. పేరు బయటికి పొక్కితే కొనేవాడు రేటు విరిచేస్తాడు. పక్కవాళ్లు తప్పంతా తన మీదే వేస్తారు. దాచిపెట్టి, దొరికిన రేటుకి పట్టేసి, తూము ఎత్తేస్తే పీడా పోతుంది. ఇన్ని కారణాలు ఉన్నవాడిని జరిమానా ఒక్కదానితో ఆపలేరు. చెప్పినవాడికి ఏదో ఒక లాభం ఉండాలి.

కాబట్టి నిధి నుంచి మూడు పనులు చేసిపెడతామని మొదటి రోజే రాసుకోండి. ఒకటి, చెప్పిన రోజే వల మనుషుల్ని, ఐసుని, బండిని సంఘం పిలిపిస్తుంది. రెండు, కొనేవాడితో బేరం ఒంటరిగా ఆయన ఆడడు, సంఘం నుంచి ఇద్దరు పక్కన నిలబడతారు. మూడు, బ్లీచింగు ఖర్చులో సగం సంఘానిది. ఈ మూడూ ఉంటే రెండో పంటకల్లా కబుర్లు వాటంతటవే వస్తాయి.

పని జరగాల్సిన తీరు ఇది. నీళ్లు తీయకుండా వలతోనే పట్టాలి. చచ్చిన రొయ్యల్ని గట్టుకి దూరంగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చాలి. కాకులు, కొంగలు ఎత్తుకెళ్లి పక్క చెరువులో పడేయకుండా అదే రోజు పూడ్చాలి. మిగిలిన నీళ్లకి బ్లీచింగు. లెక్క సులువే: ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లుంటే సుమారు 4,000 ఘనపు మీటర్లు. 60 పీపీఎం, అంటే ఘనపు మీటరుకి 60 గ్రాముల చొప్పున దాదాపు 240 కిలోల బ్లీచింగు పౌడరు పడుతుంది, పాతిక కిలోల బస్తాలైతే పది. నోరు తెరిచి నెలలు దాటిన బస్తాలో క్లోరిన్ చచ్చిపోయి ఉంటుంది, అది వేసి వేశామనుకోవద్దు. పొద్దు వాలాక, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చెరువంతా సమానంగా చల్లాలి.

తర్వాత నీళ్లు అలాగే ఆపి ఉంచాలి. వైట్‌స్పాట్ వైరస్ రొయ్య లేకపోయినా చెరువు నీళ్లలో మూడు నాలుగు రోజులు బతికి ఉంటుంది. ల్యాబులో, ఉప్పునీళ్లలో 30 డిగ్రీల వేడి దగ్గర అయితే 30 రోజుల దాకా బతికినట్టు తేలింది. అందుకని కనీసం వారం ఆపి, క్లోరిన్ పోయిందని చూసుకుని, ఫలానా రోజు ఫలానా టైముకి వదులుతున్నామని సంఘం గ్రూపులో పెట్టి అప్పుడు వదలాలి. ఆ పూట దిగువవాళ్లు మోటార్లు ఆపేస్తారు. వాట్సాప్ గ్రూపు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. గుడ్ మార్నింగ్ బొమ్మలకి వేరే గ్రూపు పెట్టుకోండి.

రిజిస్ట్రేషన్

ఒక పంట కలిసి తీశాకే దీనికి వెళ్లమంటాను. మూడు దారులున్నాయి. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, జిల్లా రిజిస్ట్రారు దగ్గర అయిపోతుంది. కానీ మిగులు డబ్బు సభ్యులకు పంచడం కుదరదు. 1995 నాటి మ్యాక్స్ (పరస్పర సహాయక సహకార సంఘాల) చట్టం కింద వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి, వ్యాపారం చేసుకోవచ్చు. మూడోది ఉత్పత్తిదారుల కంపెనీ, దానికీ పదిమంది రైతులు కావాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద చేపల రైతుల ఉత్పత్తి సంస్థలకు సాయం ఉంది, ఆ దారిలో వెళ్తే ఆడిట్లు, రిటర్నులు చూసే మనిషిని పెట్టుకోవాలి. నియమాలు, సీడ్, టెస్టులు మాత్రమే చూసుకుంటే సొసైటీ చాలు. అమ్మకాలు కూడా సంఘం పేరున చేయాలనుకున్న రోజున మ్యాక్స్ గురించి ఆలోచించండి.

బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు. చందా మనిషికింత అని కాకుండా ఎకరాకింత అని పెట్టండి. ఎకరంన్నర ఉన్నాయన, నలభై ఎకరాలాయన ఒకే మొత్తం కడితే ఏడాదిలో గొడవే.

ఆ ఊపులోనే సభ్యులందరి కాగితాలూ సరిచేయించండి. సముద్రం, ఉప్పుటేరు, పాయల పోటు గీత నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఉప్పునీటి చెరువులకు చెన్నైలోని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇది 2005 చట్టం, 2023లో సవరించారు. రిజిస్ట్రేషన్‌కి కాలపరిమితి ఉంటుంది కాబట్టి ఎవరిది ఎప్పుడు ముగుస్తుందో సంఘం దగ్గర పట్టిక ఉండాలి. ఆ పరిధికి బయట ఉన్న చెరువులు 2020లో వచ్చిన అప్సడా (రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ) చట్టం కిందికి వస్తాయి, మత్స్యశాఖ ఆఫీసులో నమోదు చూసుకోవాలి. వీటితోపాటు ప్రతి చెరువుకీ ఎంపెడా నమోదు కార్డు. ఒక్కొక్కరూ తిరిగితే నెలలు పడతాయి. ఇరవై ఫైళ్లు సిద్ధం చేసి, ఫలానా రోజు మా ఊళ్లో క్యాంపు పెట్టండని సంఘం అడిగితే ఆఫీసువాళ్లకీ అదే సుఖం. మడ అడవిని కొట్టేసి, లేదా వరి పొలాన్ని దొంగతనంగా మార్చి తవ్విన చెరువు ఉన్నాయన్ని సంఘంలో పెట్టుకుని కాగితాల కోసం మాట్లాడకండి. ఆయన ఒక్కడి వల్ల మిగతా ఫైళ్లన్నీ ఆగుతాయి.

ఎండగట్టడం, పోయడం అందరూ ఒకేసారి

ఇక్కడి నుంచి సంఘానికి డబ్బు రూపంలో ఫలితం కనపడుతుంది. కాలువ మీద అందరూ పది పదిహేను రోజుల తేడాతో సీడ్ పోస్తే, పట్టుబళ్లూ దాదాపు ఒకేసారి అయిపోయి కాలువకీ విశ్రాంతి దొరుకుతుంది. ఒకాయన ఫిబ్రవరిలో, ఒకాయన ఏప్రిల్‌లో, ఒకాయన జూన్‌లో పోస్తే జబ్బుకి ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట తిండి దొరుకుతూనే ఉంటుంది.

ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి జబ్బు ఉన్న చెరువుల విషయంలో ఎండబెట్టడం ఒక్కటే సరిపోదు. ఇది వైట్‌స్పాట్‌లా ఒక్కసారిగా చంపదు. రొయ్య పెరగదు, ఒకే చెరువులో సైజులు రకరకాలుగా వస్తాయి, మేత తింటూనే ఉంటుంది. మందు లేదు. షాపులో ఉందని చెప్పినా నమ్మకండి. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, అడుగు మట్టిలో ఉండిపోతాయి. వాటిని చంపడానికి కాల్చిన సున్నం, అంటే నీళ్లు పడితే పొగలు కక్కే రకం, హెక్టారుకి 6 టన్నులు వేయాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఎకరానికి 2.4 టన్నులు. మట్టిలో అర అడుగు లోపు దున్ని, తడి చేసి, పీహెచ్ 12 దాటేలా చూడాలి. వ్యవసాయ సున్నం, డోలమైట్ ఎన్ని బస్తాలు వేసినా పీహెచ్ అంతకు పోదు. లోడు లెక్కన సంఘం తెప్పిస్తే రవాణా ఖర్చు కలిసొస్తుంది. ఉమ్మడి కొనుగోలు మొదలుపెట్టడానికి నా దృష్టిలో మొదటి సరుకు సున్నమే. డీలరు అప్పులతో దీనికి సంబంధం లేదు, ఎవరికీ కోపం రాదు.

సీడ్

ఒంటరి రైతు హేచరీకి (రొయ్య పిల్లల్ని తయారుచేసే కేంద్రం) ఫోన్ చేస్తే దొరికేది మిగిలిన సీడ్. సంఘం నెల ముందు కోటి పిల్లలకి ఆర్డరు ఇస్తే హేచరీ మాట తీరే వేరుగా ఉంటుంది. తల్లి రొయ్యలు ఎక్కడివి, టెస్టులు ఏవి అని అడిగే హక్కు అప్పుడే వస్తుంది. అథారిటీ అనుమతి ఉన్న హేచరీనే ఎంచుకోండి, అనుమతి కాగితం చూడండి. విదేశాల నుంచి దిగి చెన్నై క్వారంటైన్ (జబ్బుల తనిఖీ కేంద్రం) దాటి వచ్చిన తల్లుల సీడేనా అని అడగండి.

శాంపిల్ మీరే తీయాలి. హేచరీవాళ్లు పంపిన డబ్బాలో పిల్లలు ఎప్పుడూ ఆరోగ్యంగానే ఉంటాయి. సంఘం నుంచి ఇద్దరు వెళ్లి, ఏ ట్యాంకు సీడ్ మనకి వస్తుందో దానికి గుర్తు పెట్టించి, నాలుగు మూలల నుంచీ మధ్య నుంచీ కలిపి 150 పిల్లల్ని తీసుకోండి. వందకి రెండు పిల్లల్లో జబ్బున్నా 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే అన్ని కావాలి. నీరసంగా అడుగున పడి ఉన్నవాటిని తప్పకుండా కలపండి. వైట్‌స్పాట్‌కి, ఈహెచ్‌పీకి పీసీఆర్ (జబ్బు క్రిమిని పట్టే ల్యాబు పరీక్ష) చేయించండి, ల్యాబు మీరు ఎంచుకున్నదై ఉండాలి. పాజిటివ్ వస్తే ఆ ట్యాంకు వద్దు. అడ్వాన్సు తిరిగివ్వడం గురించి ఆర్డరు కాగితంలోనే రాయించుకోకపోతే, ఆ రోజు సీడు తీసుకోక తప్పదనే మాట వస్తుంది.

ఎంత పోయాలి అన్నది ఎప్పుడూ గొడవే. వెనామీకి అథారిటీ మార్గదర్శకాల్లో చదరపు మీటరుకి 60 మించకూడదు, ఎకరానికి సుమారు 2 లక్షల 40 వేలు. అది పైహద్దు, లక్ష్యం కాదు. మీ కాలువకి, మీ కరెంటుకి, మీ ఏరియేటర్లకి తగ్గట్టు సంఘం ఇంకా తక్కువ హద్దు పెట్టుకుంటే మేలు. ఒక చెరువులో పిల్లలు ఎక్కువైతే ఆ మురుగంతా వచ్చేది అందరి కాలువలోకే. అదే మార్గదర్శకాలు మురుగు నీళ్లు శుద్ధి చేశాకే వదలాలంటాయి. రెండెకరాలాయన సొంతంగా శుద్ధి చెరువు తవ్వుకోలేడు కాబట్టి, కాలువ చివర పనికిరాని చెరువొకటి సంఘం లీజుకి తీసుకుని అందరికీ వాడటం గురించి రెండో ఏడాది ఆలోచించండి.

చెరువు పుస్తకం

ప్రతి సభ్యుడూ తెలుగులోనే ఒక పుస్తకం రాయాలి: సీడ్ ఎక్కడిది, మేత ఏ కంపెనీది ఎన్ని కిలోలు, ఏ రోజు ఏ మందు వేశారు, ఎవరు చెప్పారు. మందుల పేజీయే ముఖ్యం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ పూర్తిగా నిషేధం. సీసా మీద "ప్రోబయాటిక్" అని రాసి లోపల ఏదో కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకని లేబుల్, బ్యాచ్ నంబరు ఫొటో లేనిదే ఏ మందూ చెరువులో పడకూడదని నియమం పెట్టండి. పట్టుబడికి ముందు ఎంపెడా ఎలిసా ల్యాబులో యాంటీబయాటిక్ టెస్టు చేయించుకోవచ్చు. నెగటివ్ కాగితం చేతిలో ఉన్న ఇరవై చెరువుల సరుకు ఒకేచోట ఉందంటే కొనేవాడు మీ గట్టు దాకా వస్తాడు.

ఎంపెడా శఫరి, విదేశీ ఏఎస్‌సీ, బీఏపీ లాంటి, పద్ధతిగా పెంచిన సరుకని ఇచ్చే సర్టిఫికెట్లు గుంపుగా కూడా తెచ్చుకోవచ్చు. ఖర్చుంది, ఆడిట్లున్నాయి. చెరువు పుస్తకాలు సరిగ్గా లేకుండా అటు వెళ్తే డబ్బు దండగ. అమ్మేచోట అదనంగా ఎంతిస్తారో కొనే కంపెనీ కాగితం మీద రాసిస్తేనే దిగండి.

రేటు, కరెంటు, పై సంఘాలు

2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రేట్లు పడి, జిల్లా జిల్లాకీ రైతుల టెన్షన్ పెరిగింది. అలాంటివి కాలువ సంఘం తేల్చేవి కావు, జిల్లా స్థాయి సంఘాలతో కలవాల్సిందే. కలవండి, కానీ మీ పుస్తకాలతో వెళ్లండి. "గిట్టుబాటు కావట్లేదు" అనడం కంటే, మా కాలువ మీద ఇన్ని చెరువుల్లో కిలో రొయ్యకి మేత ఇంత, కరెంటు ఇంత, ఈ వారం వంద కౌంటుకి (కిలోకి వంద రొయ్యలు) ఇచ్చింది ఇంత అని ఒక పేజీ పెడితే ఫీడ్ కంపెనీలతోనైనా, అధికారులతోనైనా మాట సాగుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు బొచ్చె, శీలావతి పెంచేవాళ్లకీ ఇదే పద్ధతి సరిపోతుంది. పుస్తకంలో మందుల పేజీ బదులు మేత, నీటి పేజీలు పెద్దవవుతాయి.

నియమం తప్పినవాడితో

ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది, సాధారణంగా పెద్దాయనే తూము ఎత్తుతాడు. అందరి ముందూ నిలదీస్తే సంఘం ఆ రోజే చీలిపోతుంది. చూసీ చూడనట్టు పోతే మరుసటి పంటకి చిన్నవాళ్లూ ఎత్తుతారు. జరిమానా మొదటి మీటింగులోనే ఎకరాకింత అని రాసి అందరి సంతకాలూ తీసుకుని ఉంటే, ముగ్గురు వెళ్లి ఆ కాగితం చూపించి డబ్బు అడిగితే సరిపోతుంది. వసూలైన డబ్బు దిగువ చెరువులవాళ్ల పీసీఆర్ టెస్టులకి వెళ్లాలి, ఆ విషయం రసీదు మీద రాయాలి. కట్టనంటే తర్వాతి సీడ్ ఆర్డరులో ఆయన పేరు ఉండదు. పెద్దాయన ఎంత పెద్దాయనైనా, కోటి పిల్లల ఆర్డరు రేటుకి ఒంటరిగా సీడు తెచ్చుకోలేడు.